కెటిల్

హల్ రేవు పక్క పబ్బులో
తడి బల్ల మీద కొత్త రికార్డు పెట్టె.
వెట్ లెడ్జర్స్, ఉన్నవే పదకొండు పాటలు,
నలభై మూడేళ్లకు మళ్లీ అచ్చయ్యాయి.

"ఉతికి ఆరేశారు," అన్నాడు నెవిల్.
"మూడో పాట చివర ఆ ఈల ఏదీ?
ఆ సింథసైజర్ మోజులోనే కదా
పెళ్లికి దాచిన డబ్బు తగలేశాను!"
సింథసైజర్ నీ మొహం, గిటార్ తీగ, అన్నాడు రాయ్‌స్టన్.
ఇద్దరూ పాత క్యాసెట్ మీద ఒట్టేశారు.

గ్లెనిస్ మూతికంటిన నురగ తుడుచుకుంది.

"వాళ్లు వాయించింది మా వంటింట్లో.
అది కెటిల్.
దించుదామని లేచాను,
డ్రమ్మర్ కళ్లతోనే వద్దన్నాడు."

నెవిల్ పెట్టె తిరగేసి
చీమల్లాంటి అక్షరాల్లో ఆమె పేరు వెతికాడు.
కళ్లజోడు మార్చి
మళ్లీ మొదటి నుంచి.