అట్టముక్క

రాత్రి జీపు కింద పరిచిన అట్టముక్క మీద
పొద్దున్నే చూస్తే మూడు చుక్కలు.
మర్నాడు ఐదు.
ఉరవకొండ పోయొచ్చిన దినం
లెక్కపెట్టేదానికి కుదర్లేదు,
చుక్కలన్నీ కలిసి ఒక చెరువైనాయి.

కళ్యాణదుర్గంలో ముగ్గుర్ని అడిగినా.
ముగ్గురూ నడుం వంచకుండానే ఒకే మాట:
"వెనక సీలు పోయింది. గేరుబాక్సు దించల్ల."
దించేదానికి పదమూడు వేలు, రెండు దినాలు.
మా తిప్పేస్వామి ఈ నెల పెట్టిన బోరు పాయింట్లు ఆరు,
తడి తగిలింది ఒకదాంట్లో.
ఆయన అరచేతిలో టెంకాయ లేచి నిలబడుతుంది,
నా చేతిలో జీతం నిలబడదు.

నాలుగోవాడు ఫకృద్దీను.
రాయదుర్గం రోడ్డులో రేకుల షెడ్డు,
బోర్డు లేదు, గోడకు ఒరిగిన బోడి టైర్లే బోర్డు.
చుక్కను వేలికి అద్దుకొని, బొటనవేలితో రుద్ది,
వాసన చూసి
"ఇంజనాయిలే" అన్నాడు.
"యాడ కారుతాందో ఇప్పుడే అడగొద్దు.
కింద పడిన చోటు అబద్ధం చెప్తాది.
నూనె గాలికి వెనక్కి పోతాది,
బరువుకు కిందికి పోతాది,
దావ దొరికితే మనింటికి కూడా వస్తాది.
మనం పైనుంచి రావల్ల."

ముందు కడిగినాడు,
నోట్లో బీడీ ఆర్పేసి, డీజిలుతో, పాత పండ్ల బ్రష్షుతో.
పదేండ్ల మట్టి.
ఉరవకొండ నల్లది, కంబదూరు ఎర్రది,
పెళ్లలు పెళ్లలుగా ఊడి పడుతుంటే
నేను తోలుకొచ్చిన చేన్లన్నీ షెడ్డులో పడినాయి.
వాటిలో చానా వాటికి
ఇప్పటికీ నీళ్లు పడలేదు.

ఆరినాక, వన్నూరును అంగడికి పంపి
పౌడరు డబ్బా తెప్పించినాడు, మల్లెపూల వాసనది.
మూతి తిప్పి ఇంజను నిండా చల్లినాడు.
విభూది పూసుకున్న బైరాగి మాదిరి
ఆవిరి లేకుండా, మాట లేకుండా కూర్చుంది ఇనుము.
"ఇంగ తోలు. ఫోర్ వీల్ ఏసి గుట్ట ఎక్కించు.
టర్బో గట్టిగా ఊదేదాకా దిగొద్దు."

గుట్ట మీద గాలిమరలు తిరుగుతుండాయి.
రెండో గేరులో టర్బో ఈల వేసింది.
రోజూ వినే ఈలే. ఆ పొద్దు మాత్రం
జరమొచ్చిన బిడ్డ ఊపిరి విన్నట్ల విన్నా.

తిరిగొచ్చి బానెట్ ఎత్తితే
తెల్లటి పౌడరు మీద ఒకే ఒక గీత,
చీమ నడిచినంత సన్నం.
టార్చి పట్టుకొని గీత వెంట ఎక్కినాడు:
గేరుబాక్సు అంచు నుంచి ఇంజను దిమ్మె వెనక్కి,
ఎముక మాదిరి గట్టు మీదుగా,
టర్బో కడుపు కిందికి.
అక్కడ, నూనె తిరిగి దిగే పైపు మొదట్లో
వేలెడు గాస్కెట్టు ఒక మూల కాలి, పెళుసై, చిట్లింది.
రెండు బోల్టుల్లో ఒకటి చేత్తోనే తిరిగింది.
"నూనె ఎక్కేటప్పుడు అందరూ చూస్తారు" అన్నాడు,
"దిగేటప్పుడు ఎవురూ చూడరు."

గాస్కెట్టు డెబ్బై, పని మూడొందలు,
పౌడరు పదహైదు.
మిగిలిన డబ్బాను వన్నూరు
వాళ్ల చెల్లెలికని జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం జీపెక్కినాక
"చుక్క పడిన చోట తవ్వగూడదంట సామీ" అంటే
తిప్పేస్వామి నా దిక్కు చూడలేదు.
టెంకాయను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

కొత్త అట్టముక్క రెండు రాత్రులు పొడిగా ఉంది.
మూడో పొద్దున, బాగా వెనక, ఒక్కటే చుక్క.
చిక్కగా, పసుపుగా, కుళ్లిన ఎల్లిపాయ వాసన.
ఫోను చేస్తే ఫకృద్దీను నవ్వినాడు.
"అది వెనక ఇరుసుది. అది వేరే ఊరు."

అట్టముక్కను
రెండు మూరలు వెనక్కి జరిపినా.