మినప్పిండి గట్టు

కందుకూరు బస్టాండు వెనక మేడమీద
డాక్టరమ్మ మినప్పిండి తడిపి
నా బిడ్డ కళ్లచుట్టూ గట్టు కట్టింది,
నారుమడికి నీళ్లు పెట్టేముందు మేం కట్టినట్టే.
వేణ్ణీళ్లలో కరిగిన త్రిఫలా నెయ్యి
రెప్పవెంట్రుకలు మునిగేదాకా పోసి
"ఇప్పుడు కళ్లు తెరువు తల్లీ" అంది.

తెరిచింది మాల్యశ్రీ.
"అమ్మా, అంతా పసుప్పచ్చ,
పొగాకు బ్యారన్ లోపల మాదిరి."
దాని అద్దాలు నా గుప్పిట్లో ఉన్నాయి.
చెమటకు మసకేసి.

నేను ఆకు గ్రేడు చేసే మనిషిని.
ఈనె పక్కన గోరంత మచ్చ చాలు నాకు,
ఏ బేల్లో పడాలో చెప్పేస్తా.
ఈ పిల్లకేమో
రెండో తరగతిలో రెండున్నర,
నాలుగులో నాలుగుంబావు.
పిల్లకన్నా ముందే
పైతరగతికి పోతోంది నంబరు.

అద్దాలు పోతాయా అని అడిగా.
"పోవు. పోతాయన్న చోటికి నువ్వు పోవద్దు.
ఒంగోల్లో ఆర్నెల్ల పరీక్ష మానొద్దు.
కళ్లకు చలవ చేయడం నా పని,
దూరం చూపించడం నీ పని."

దూరం.
ఎండకు కందిపోతుందని
ఫోనిచ్చి, గ్రేడింగు షెడ్డులో
గోనెపట్టా మీద కూర్చోబెట్టింది నేనే గదా!

ఇప్పుడు పొద్దు వాలాక
చౌడునేల దాకా నడుస్తాం ఇద్దరం.
"ఆ తాటిచెట్టు మీద ఏముంది?"
"గిజిగాడి గూళ్లు."
"ఎన్ని?"
జారిన అద్దాలు పైకి తోసుకుని
వేలాడిస్తూ వేలు, లెక్కపెడుతుంది.

నాకు తొమ్మిదే కనపడ్డాయి.
దాని లెక్క పదకొండు.

నేను మళ్లీ లెక్కపెట్టలేదు.