టికెట్టు కొనని మనిషి

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
ఇరవై రెండేళ్ళుగా ఈ అద్దాల గూట్లో
కూర్చునే తింటున్నాను.
వాల్పరైసోలో ఈ కొండ
ఒక్క మెట్టు కూడా తగ్గలేదు.
నేనే పెరిగాను.

నా పని జనాన్ని పైకి లాగడం.
లాగేది ఇనుప తాడే అనుకోండి,
నేను నాణెం తీసుకుని, తలుపు మూసి, మీట నొక్కుతాను.
కొయ్య డబ్బా మూలుగుతూ కదులుతుంది,
రేవులో ఓడలు మెల్లగా బొమ్మలవుతాయి.

బాల్డొమేరో సాయంత్రం ఏడింటికి వచ్చేవాడు.
గోళ్ళ కింద లారీ షెడ్డు గ్రీజు,
చంకలో రెండు వేడి రొట్టెలు,
డబ్బా పైకి చేరేలోపే ఒకటి మాయం.
మే నెలలో ఒక సోమవారం
నాణెం తీసి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.
"షుగరట, ఇస్మేనియా" అన్నాడు
దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.
పక్కన మెట్లున్నాయి, నూట అరవై ఎనిమిది.
ఆ లెక్క నాకు తర్వాత అతనే చెప్పాడు.

ఆ రోజు ఎక్కింది పన్నెండు.
ఆయాసపడుతూ దిగివచ్చి టికెట్టు కొన్నాడు.
పైకి నవ్వలేదు గానీ
ఆరంభశూరుల్ని నేనెరగనా?
జనవరి ఒకటిన కొత్త బూట్లతో మెట్లవైపు పరుగు,
పదిహేనుకల్లా అవే బూట్లు
నా క్యూలో.

మర్నాడూ పన్నెండే.
వారమంతా పన్నెండే.
"ఇంకో నాలుగు ఎక్కరాదూ, మొండి ఘటమా" అంటే
"ఎక్కగలను, అందుకే ఎక్కను.
రేపటికి కాస్త ఆకలి మిగలాలి" అన్నాడు.

రొట్టె మానలేదు.
ఆసుపత్రి నర్సు ఒర్టెన్సియా మానమననూ లేదు.
ముందు చిక్కుడు గింజలు, ఆకుకూర,
చివర్లో అర రొట్టె.
వరస మారింది, అంతే.
రెండో రొట్టె కొనే డబ్బుతో
వారానికోసారి చేప.

ఇంకో సంగతి, గొంతు తగ్గించి చెప్పాడు:
రాత్రుళ్ళు గడ్డం గీసుకునే అద్దం నేలమీద పెట్టి
అరికాళ్ళు చూసుకుంటాడట,
పుండేమైనా ఉందేమోనని,
వేలి సందుల తడి తుడిచి, ఒక్కోటీ.
"ఎడమ మడమ మీద పుట్టుమచ్చ ఉంది.
యాభై ఎనిమిదేళ్ళు దాని మీదే నిలబడ్డాను,
ఎప్పుడూ పలకరించలేదు."
ఎవరిదో ఉత్తరం చదివినట్టు
నాకు సిగ్గేసింది.

ఆగస్టు వానల్లో అతని తమ్ముడు పోయాడు.
పందొమ్మిది రోజులు నా దగ్గర టికెట్టు కొన్నాడు.
డబ్బాలో మూలన కూర్చుని
రెండు రొట్టెలూ తిన్నాడు, నమిలినట్టు కూడా లేదు.
ఏమీ అనలేదు నేను.
నాణెం తీసుకున్నాను, చేయి తగిలింది, చల్లగా ఉంది.

ఇరవయ్యో రోజు వాన ఆగలేదు.
మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు కిందికే చూశాడు.
అప్పటికి తొంభై దాకా ఎక్కినవాడు.
పన్నెండు ఎక్కాడు.
దిగివచ్చి, తడి నాణెం నా ముందు పెట్టి
"సున్నా కాదుగా" అన్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు నాకు ఒక నాణెం తక్కువ.
సగం దారిలో, మెట్లు మలుపు తిరిగే చోట,
నా డబ్బా అతన్ని దాటుతుంది.
టోపీ ఎత్తుతాడు.
కొన్ని రోజులు అతనే ముందు చేరతాడు,
తాడు ముసలిదైంది మరి.

నిన్న రాత్రి పదకొండింటికి తాళం వేశాను.
మా ఇల్లు కిందే, ఎక్కాల్సిన పని లేదు.
ఎవరూ చూడటం లేదని రెండుసార్లు చూసుకుని
రెయిలింగు పట్టుకున్నాను.
మోకాళ్ళు నన్ను పేరు పెట్టి తిట్టాయి.
ఐదో మెట్టు మీద వీధికుక్క పడుకునుంది,
ఎంత అదిలించినా జరగలేదు.
సరే, ఐదే.

ఇంటికి వెళ్ళి
చేతి అద్దం ఎక్కడ పెట్టానో
వెతికాను.