అచ్చంగా

నరసాపురంలో లేసు మూటల మీద ముద్రలకి
టేకు దిమ్మలు చెక్కే కామాక్షాచారి అంటాడు:
"అచ్చులోంచేనండి అచ్చంగా పుట్టింది, ఆయ్.
ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?"

తెలుగు టీచరు సుభాషిణిగారు ఒప్పుకోలేదు.
అచ్చు మనింటిదట, దిమ్మలాగే మొరటుది.
అచ్చం సంస్కృతం వైపు నుంచి వచ్చిందట:
మాఘంలో మోకాటిలోతు గోదారి,
కాలివేళ్లు కనబడేంత తేట.
చూడ్డానికి కవలలు. తల్లులు వేరు.

ఆచారి వినీ విననట్టు ఉలి తిప్పుతున్నాడు.
చెక్క మీద హంస ఎడమకి చూస్తోంది,
గుడ్డ మీద కుడికి.
మొదటి ముద్ర చిక్కన, పదోది తడారి,
పద్నాలుగోదానికి హంసకి కన్ను లేదు.

"ఇదీ అచ్చంగా అదేనా?" అన్నాను.

బొటనవేలు సిరాలో ముంచి
నా నోటుపుస్తకం మీద ఒత్తాడు.
గీతల నడుమ ఎప్పుడో ఉలి దిగిన గాటు,
అదొక్కటే
తెల్లగా.