నాలుగంగుళాల బొక్క

నీలంగ మండాల్సిన మంట
పసుపుపచ్చగ నాలుక చాపి ఊగుతున్నది.
రెంచి సంచి కింద పెట్టకముందే అర్థమైంది
ఈ ఇంట్ల ఎవరికో ఊపిరి తక్కువైతున్నదని.

వఫ్రా. టమాట తోటల అవతల ఫారం ఇల్లు.
జనవరి ఎడారి, ఇసుక కూడ వణికే సలి.
కఫీల్ ఫోన్ల చెప్పింది ఒక్కటే,
"నీళ్లు కాగుతలేవు, వచ్చి చూడు."

బాయిలర్ యాడున్నదంటే
ఓబుళమ్మ తన గది తలుపు తీసింది.
మంచం, మంచం కింద సూట్‌కేసు,
సూట్‌కేసు మీద నిమ్మకాయ ఊరగాయ సీసా,
తలగడకు మూరెడు దూరంల
గోడకు తెల్ల డబ్బా.
పెద్దింట్ల చప్పుడు చేస్తదని
చప్పుడు చెయ్యని మనిషి గదిల బిగించిన్రు.

పొగగొట్టం కప్పు దాక పోయి అక్కడ్నే ఆగింది
బయటికి పొమ్మని దానికెవ్వరు చెప్పనట్టు.
కింద గాలికి తొవ్వ ఉండాలె గదా అని
గోడ తడిమిన.
నాలుగంగుళాల బొక్క.
దాన్నిండ కుక్కి ఉన్నది
మామిడిపిందెల అంచు చీర ముక్క.

"నేనే పెట్టినానన్నా.
రేత్రయితే ఆ బొక్కలోంచి గాలి
దబ్బనాల మాదిరి దిగుతాది."

తలనొప్పి ఉంటదా అక్కా?

"లేస్తానే ఉంటాది, బండ కట్టినట్టు.
రెండు పనడాలు మింగితే పన్లోకి దిగుతా."
గుడ్డ మడత పెట్టుకుంట తనే అన్నది:
"శుక్రవారం మాత్తరం ఉండదు.
బేస్తవారం రేత్రి పిల్లోల్లతో
పెద్దింట్లో పండుకుంటాలే.
ఈ గదికేదో దిష్టి ఉందనుకుంటి."

ఎట్ల చెప్పాలె?
సిలిండరు లీకైతే కుళ్లిన ఉల్లిగడ్డ వాసనొస్తది,
ముక్కు లేపుతది మనిషిని.
దీనికి వాసన లేదు, రంగు లేదు,
నిద్రను ఇంకింత చిక్కగ చేస్తది, గంతే.
మంటకు కూడ ఆకలుంటదక్కా,
అది తినేది నువ్వు పీల్చే గాలే.
రోజు రాత్రి నువ్వూ అదీ
ఒక్క కంచంల తింటున్నరు.
కంచం ఒడిసినంక
అది కక్కింది నువ్వు పీలుస్తున్నవు.

ఆమె ఏమనలేదు.
చీర ముక్కను కొంగుల దాసుకున్నది,
తప్పు తనదే అన్నట్టు.

వాల్వు కట్టేసి, రెగ్యులేటరు ఊడదీసి
నా జేబుల వేసుకున్న.
కఫీల్ కండ్లు ఎర్రజేసిండు,
రేపు చుట్టాలొస్తున్నరంట, స్నానాలు ఎట్లంట,
నువ్వేమన్న ముహందిస్‌వా అన్నడు.
పదకొండేండ్లల్ల నేను నేర్చిన అరబ్బీ
ఆ పూటకు సరిపోయింది:
హవా మాఫీ, బాబా. మౌత్ ఫీ.
గాలి లేదు. చావు ఉన్నది.

మూడో రోజుకు పనైంది.
బయటి గోడకు, రేకుల నీడల డబ్బా,
సిలిండర్లు ఆకాశం కింద నిలబడ్డయి.
పొగగొట్టం మూతి టమాటల దిక్కు,
ఆమె కిటికీకి రెండు బారల ఎడంగ.
మంట నీలమైంది,
పొయ్యి మీద పాలకు కావలున్న ఆడమనిషంత నిమ్మళంగ.

"ఇంగ ఆ బొక్క మూసుకోవచ్చునా అన్నా?"

మూసుకో అక్కా అన్న.
బాయిలరు లేని గదిల అది ఉత్త బొక్కే.
రెండు దినాలు సలి నీళ్లు పోసుకొని
గోళ్లు నల్లబడ్డ చేతులతోని
మామిడిపిందెలను మళ్ల గోడల కుక్కింది.

మహబూలాల మా రూముకొచ్చేసరికి పదకొండు.
ఎనిమిది మంచాలు, ఒక్క కిటికీ,
దానికి టీవీ అట్టపెట్టె, నాలుగు దిక్కుల టేపు.
నేనే అంటించిన, పోయిన నెల.
మూలకు స్టవ్వు మీద ఎవరిదో అన్నం ఉడుకుతున్నది.
వంగి చూసిన
మంట కొసకు కొంచెం పసుపు.

టేపు జానెడు పీకిన.
పై మంచం మీదికెళ్లి లచ్చన్న దుప్పట్లనే తిట్టిండు:
"సలి పెడ్తుందిర, ఎవడ్రా?"
నేనే అన్న.
ఇంకో జానెడు పీకిన.