మూడో నీళ్ళు

పొద్దున ఆరింటికి నీళ్ళు పసుపు.
పెళ్ళి పసుపు కాదు,
చేతికంటితే గోళ్ళ చుట్టూ పుండ్లు పడే పసుపు.
పైన క్రోమ్ తొట్టిలో మునిగి లేచిన నల్లా తలలు
హుక్కులకు వేలాడుతూ ఆరుతుంటాయి.
వాటిని కడిగిన నీళ్ళు నా దగ్గరికొస్తాయి.

మెరుగు గంగనర్సుది, మురికి నాది.
ఇద్దరికీ ఒకటే జీతం, ఒకటే గది.
అక్కడా అంతే,
పై మంచం వాడిది, కింది మంచం నాది.

ముందు యాసిడ్. పీహెచ్ రెండున్నరకు దిగాలి.
తర్వాత బైసల్ఫైట్, కొసరి కొసరి.
ముక్కు కిందే అగ్గిపుల్ల గీసినట్టు వాసన.
అప్పుడు చూడాలి,
పసుపు ఒక్క క్షణం తడబడి
అడుగు నుంచి ఆకుపచ్చకు తిరుగుతుంది.
తొమ్మిదేళ్ళుగా చూస్తున్నా
ఆ మలుపు దగ్గర నేనెవరితోనూ మాట్లాడను.
తర్వాత సున్నం. ఎనిమిదిన్నర.
పాలిమర్ నాలుగు చుక్కలు.
నీళ్ళు విరిగిన పాలయి, ముద్దలు కట్టి,
అలిగిన పిల్లల్లా మెల్లగా అడుక్కి పోతాయి.
ప్రెస్సు విప్పితే పచ్చటి బిళ్ళలు,
గానుగ కింది తెలకపిండి లాగా.
ఏ గొడ్డూ తినదు. డ్రమ్ములో వేసి సీలు వేస్తాం.

మా కనకాచారి మామ కోరుట్ల గల్లీల్లో కళాయి పోసేవాడు.
తిత్తి నా వంతు.
ఇత్తడి గుండి కాలినాక నవసాగరం చల్లి,
తగరం ముక్క రాసి, గుడ్డతో ఒక్క చుట్టు చుడితే
గిన్నె అడుగున మామ మొహం,
మామ వెనక పొగలో నా మొహం.
ఆ కడిగిన నీళ్ళు ఎటు పోయేవో ఎవరం అడగలేదు.
వాకిలి దాటితే నీళ్ళకు పేరుండదు మా దిక్కు.
ఇక్కడుంటుంది. లాగ్‌బుక్కుంటుంది.
గంటకో వరస, వరసకో సంతకం.

పోయిన ఏడాది ఆగస్టు. రాత్రి రెండు.
డోసింగ్ పంపు దగ్గి దగ్గి ఆగిపోయింది.
తొట్టి అంచుదాకా పసుపు.
తెల్లారితే మూడు వేల నల్లాలు కంటైనరెక్కాలి.
ఫోర్‌మన్ నన్ను చూడలేదు, వాల్వును చూశాడు.
"పది నిమిషాలే" అన్నాడు.
పదకొండయింది.
గోడవతల వాన కాలువ, వాననెరగని కాలువ.
దాని చివర సిత్ర సముద్రం, మోకాలు లోతు.
బుక్కులో నా చేత్తోనే రాశాను: నార్మల్.

ఏమీ కాలేదు.
అదే చెప్తున్నాను, ఏమీ కాలేదు.
చేపలు తేలలేదు. ఎవరూ రాలేదు.
జీతం పదో తారీఖునే పడింది.

ఎన్నాళ్ళకో, గేటు కాడ కాపలా ముసలాయన మక్కీ
చాయ్ పోస్తూ వాళ్ళ తాత సంగతి చెప్పాడు.
ముత్యాలకు మునిగేవాళ్ళు తోలు సంచితో దూకి
ఉప్పు సముద్రం అడుగున ఊరే తీపి నీళ్ళు
మూతి బిగించి పైకి తెచ్చుకుని తాగేవారట.
అందుకే ఈ దేశం పేరు రెండు సముద్రాలట.
"ఇప్పుడో?" అన్నాను.
కప్పు కడిగి బోర్లించాడు.
"ఊటలెప్పుడో ఎండినయ్. నీ వల్ల కాదులే" అని నవ్వాడు.
నేనా మాట అడగనే లేదు.
ఎందుకన్నాడు?

ఇప్పుడా వాల్వుకు తాళముంది.
దినారున్నర పెట్టి కొన్నది నేనే.
చెవి నా మొలతాడుకే.
ఫోర్‌మన్ అడగడు, నేను చూపించను.
రాత్రి పై మంచం మీంచి గంగనర్సు
"పంపు చప్పుడు ఇంటున్నవారా ఇంకా?" అంటాడు.
లేదంటాను. వింటూనే ఉంటాను.

తెల్లారి గాజు జాడీలో నమూనా
వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాను.
తేటగా ఉంటుంది. ఉప్పూ కాదు, తీపీ కాదు.
తాగడానికి పనికిరావు,
వదలడానికి పనికొస్తాయి.
మూడో నీళ్ళు. నేను చేసినవి.

పీహెచ్ ఎనిమిది పాయింట్ ఆరు. క్రోమ్ లేదు. సంతకం.
పేజీలో ఇంకా చాలా కాలాలున్నాయి:
టైము, ఫ్లో, రంగు, రిమార్కులు.
ఆ పదకొండు నిమిషాలు
ఏ కాలంలో రాయాలో
నాకింకా ఎవరూ చెప్పలేదు.