ఎనిమిది వందల దగ్గర

ముర్గాబ్‌లో కరెంటు చుట్టంచూపుగా వస్తుంది.
రాత్రి ఎనిమిదికి బల్బులో ఎర్రటి పురుగులా మెదిలి
పదికల్లా చెప్పకుండా వెళ్ళిపోతుంది.

మంత్రసాని సనవ్‌బర్‌కు
పదంగుళాల లాప్‌టాప్ ఒకటుంది.
ఓష్ నుంచి లారీ తోలే మరిది ఖుష్‌బఖ్త్
బంగాళాదుంప బస్తాల మధ్య దాచి తెచ్చాడు.
మూతకు సొట్ట. రష్యన్ అక్షరాల్లో రెండు అరిగిపోయాయి.
బ్యాటరీకి వయసు మళ్ళింది,
కడుపునిండా తాగినా రెండు గంటలకే దాహమంటుంది.
ఆ లోయలో తన చేతుల్లో పడ్డ ప్రతి బిడ్డ బరువూ
అందులోనే రాసుకుంటుంది ఆవిడ.

పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో
మరిది నాలుగంకెలు రాసిచ్చాడు,
ఒకదాని కింద ఒకటి:
1600
1333
1066
800
"ఇవి దీని గేర్లు వదినా.
గేరు మార్చేవాణ్ణి గవర్నర్ అంటారు."
"మన గడప దాకా వచ్చిన
మొదటి గవర్నర్ ఇతనే" అంది ఆవిడ.

ఎనిమిది వందల్లో పెడితే మొదట ఒళ్ళు మండేది.
ఇక్కడ నొక్కిన అక్షరం
గొంగళి కప్పుకుని, దగ్గుకుంటూ
ఎప్పటికో తెరమీదికి వచ్చేది.
తర్వాత గుర్తొచ్చింది,
కింద ఊళ్ళనుంచి కొత్తగా వచ్చే ప్రతి డాక్టరుకూ
తాను చెప్పే మాటే కదా ఇది:
మెట్లు ఒక్కొక్కటే ఎక్కండి,
మాట మధ్యలో ఆగండి,
ఈ ఎత్తులో ఊపిరికి అప్పు పుట్టదు.

నిదానమే ప్రధానం అంటాం మనం.
ఆలస్యం అమృతం విషం అనీ మనమే అంటాం.
రెండూ ఒకే నోట్లో కాపురం ఉంటాయి.
ఏది ఎప్పుడు బయటికి రావాలో
నోటికేం తెలుసు?

ఫిబ్రవరిలో ఒక రాత్రి
జడలబర్రెలు కాసే ఇంట్లో తుర్సునాయ్‌కి నొప్పులు.
కరెంటు వెళ్ళి గంటయింది.
పొయ్యిలో పిడకలు వేడి ఇస్తున్నాయి గాని
వెలుగివ్వడం లేదు.
సనవ్‌బర్ లాప్‌టాప్ పక్కకు
వేలెడంత దీపం తగిలించింది.
బ్యాటరీ పదకొండు శాతం.

తెర ఆర్పేసింది.
ఎవరూ పలకని చోట ఎవరినో పిలుస్తున్న
వైర్‌లెస్ నోరు మూసింది.
గవర్నర్ని ఎనిమిది వందల దగ్గర కూర్చోబెట్టి
లేవొద్దంది.
ఆలోచన తగ్గించుకున్నంత మేరా
యంత్రం దీపానికి మిగిల్చింది.

అప్పుడు ఫ్యాన్ ఆగింది.
అంతసేపూ అది తిరుగుతోందని
ఆగాకే తెలిసింది.

ఆ నిశ్శబ్దంలో
చెక్క గొట్టం పొట్టమీద ఆనించి చెవి పెట్టింది.
లోపల ఎవరో పరిగెడుతున్నారు.
వేళ్ళమీద లెక్కేసింది, నిమిషానికి నూట నలభై.
ఆ పరుగుకు మాత్రం
తగ్గించే గేరు లేదు,
ఉండకూడదు.

ఏడు శాతం. అయిదు.
తుర్సునాయ్ అత్తగారు దీపాన్నే చూస్తోంది,
రెప్ప వేస్తే ఖర్చవుతుందేమో అన్నట్టు.
మూడు దగ్గర ఏడుపు వినిపించింది.
రెండు దగ్గర బొడ్డు కోసింది.
తర్వాత చీకటి.
ఇక చీకటితో పనేముంది,
ఏడుపు ఎటునుంచో అందరికీ తెలుసు.

కాటా ముల్లును పొయ్యి దగ్గరికి వంచి చదివింది.
రాయడానికి లాప్‌టాప్ లేదు.
సంచిలోంచి ఆ క్యాలెండర్ తీసి
నాలుగంకెల కిందే రాసి పెట్టింది.

నెల తర్వాత మరిది వచ్చాడు.
ఉప్పు వేసిన పాలటీ ఊదుకుంటూ
క్యాలెండర్ తిప్పి చూసి గాబరా పడ్డాడు:
"ఇదేంటి వదినా, దీన్ని
మూడు వేల వందలో తోలావా?
కాలిపోదూ!"